పెరిగిన ఆయిల్

మస్కట్ నుంచి వచ్చి నెలలు గడిచినా నరేందర్‌కు ఇంట్లో కాలు నిలవడం లేదు. తెల్లారకముందే లేచి, గేటు తీసుకుని రోడ్డు దాకా పోతాడు. అక్కడ చేసే పనేమీ ఉండదు. తిరిగి వస్తాడు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని పశువుల కొట్టం చూస్తాడు, బోరు స్టార్టర్ డబ్బా తెరిచి మూస్తాడు, మళ్లీ రోడ్డు మీదికి పోతాడు. అన్నం ముందు కూర్చున్నా మోకాలు ఆడుతూనే ఉంటుంది.

"గా మోకాలు ఆపరాదయ్యా, కంచం కదులుతున్నది," అని భార్య పుష్పలత రోజూ అంటుంది.

అతను ఆపుతాడు. కాసేపటికి రెండో మోకాలు మొదలవుతుంది.

అతను దూరాన ఉన్న పన్నెండేళ్లూ ఇక్కడ సంసారం నడిపింది పుష్పలతే. మోస్రా దగ్గరి ఆ ఊళ్లో చెరకైనా, పసుపైనా, వరైనా ఆమె చేతుల మీదుగానే పండింది. పాత ఎర్ర ట్రాక్టర్ ఒకటి కొన్నది. దాన్ని తోలడానికి ఆమె తమ్ముడు రాజేందర్ పక్కూరి నుంచి బైకు మీద వస్తాడు. నరేందర్ తిరిగొచ్చాక కూడా ఆ ఏర్పాటు మారలేదు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పెట్టాలో ఆమెకు తెలుసు. ట్రాక్టర్ గేరు ఎక్కడ పట్టేస్తుందో రాజేందర్‌కు తెలుసు. కొత్తగా వచ్చిన మనిషికి మిగిలిన పని ఏమీ లేదు.

ఒక్క పేరు మాత్రం మిగిలింది. ఊళ్లో అందరూ అతన్ని మస్కట్ మెకానిక్ అంటారు.

ఆ పేరు వినబడినప్పుడల్లా నరేందర్ మాట మార్చేవాడు. అతను పనిచేసింది పెద్ద కంపెనీ గ్యారేజీలోనే. కానీ అక్కడ అతని పని ఆయిల్ మార్చడం. లారీ కింద గుంతలో నిలబడి బోల్టు విప్పి, పాత ఆయిల్ వదిలి, కొత్తది పోసి, గేజు చూసి, చెయ్యి తుడుచుకుని ఇంకో లారీ కిందికి పోవడం. ఇంజన్ విప్పే వాళ్లు వేరు. వాళ్ల బట్టల రంగు కూడా వేరు. పోయిన కొత్తలో పుష్పలత ఫోన్లో ఏం పని అని అడిగితే, "గ్యారేజీల," అన్నాడు. "మెకానిక్కా?" అంది ఆమె సంబరంగా. అతను కాదనలేదు. ఆ సంబరం చల్లారకముందే మాట ఊరు దాటింది.

ఊళ్లో బాలనర్సయ్య అనే పెద్దరైతు ఉన్నాడు. వరసకు నరేందర్‌కు చిన్నాయన. తన కొడుకు ప్రశాంత్‌ను ఆ గ్యారేజీలో పెట్టించమని ఆయన ఏళ్ల తరబడి అడిగాడు. నరేందర్ ప్రతిసారీ వీసాలు లేవనో, గ్యారేజీ సాయెబు ఊళ్లో లేడనో చెప్పి, వచ్చే నెల చూద్దామని ఫోన్ పెట్టేసేవాడు. ఆ కోపం బాలనర్సయ్య పుష్పలత మీద చూపించాడు. వాళ్ల గట్టు మీంచి ఆమె ట్రాక్టర్ పోనివ్వలేదు చాలాకాలం. ఎందుకో ఆమెకు తెలుసు. తన మొగుడికి ఒక మనిషిని పెట్టించడం ఎందుకు చేతకాలేదో మాత్రం తెలియదు.

చెరకు కోతలు మొదలైన వారానికి ట్రాక్టర్ మొరాయించింది. బరువు మీద ఉన్నప్పుడు దగ్గినట్టు దగ్గి ఆగిపోతుంది. రాజేందర్ దిగి ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, పైపుల్లో చేరిన గాలి తీసేస్తే మళ్లీ నడుస్తుంది. నడిచి నడిచి మళ్లీ ఆగుతుంది.

"బావ ఉన్నడు గద, జెర సూడమను," అన్నాడు రాజేందర్ అక్కతో.

నరేందర్ చూశాడు. అంతకుముందు రాత్రంతా దుప్పటి కింద ఫోన్లో వీడియోలు చూసి, ట్యాంకు అడుగున మట్టి పేరుకుని ఉంటుందని తేల్చుకున్నాడు. ట్యాంకు కడిగాడు, కొత్త ఫిల్టర్ వేశాడు, నిండా డీజిల్ పోయించాడు. ట్రాక్టర్ రెండు ట్రిప్పులు ఎక్కడా ఆగకుండా పోయివచ్చింది.

"మస్కట్ చెయ్యి అంటే మస్కట్ చెయ్యే," అన్నారు కోత దగ్గర.

నరేందర్ నవ్వాడు. ఆ సాయంత్రం రోడ్డు మీదికి మామూలు కంటే ఎక్కువసార్లు పోయి వచ్చాడు.

మూడో ట్రిప్పు పుష్పలత చెరకే. బోధన్ ఫ్యాక్టరీ మూతబడినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల చెరకు దూరాన ఉన్న వేరే ఫ్యాక్టరీకి పోవాలి. ఫ్యాక్టరీ ఇచ్చిన పర్మిట్ మీద ఆ రోజు తేదీ ఉంది. ఆ రోజు గేటు లోపలికి పోకపోతే మళ్లీ వంతు ఎప్పుడు వస్తుందో చెప్పలేరు. కోసిన చెరకు ఎండలో ఉంటే తూకం తగ్గుతూ పోతుంది. అటు బాలనర్సయ్య చెరకు కూడా సగం కోసి పడి ఉంది. ఈ ట్రాక్టర్ తిరిగొస్తేనే అది కదులుతుంది. గట్టు గొడవ పక్కనపెట్టి ఆయనే వచ్చి ట్రాక్టర్ అడిగాడు మరి.

రాజేందర్ తోలుతుంటే నరేందర్ పక్క మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. నిజాంసాగర్ కాలువ వంతెన దగ్గర రోడ్డు కొంచెం ఎత్తు ఎక్కుతుంది. ఆ ఎత్తులో ట్రాక్టర్ దగ్గింది. రాజేందర్ గేరు తగ్గించాడు. ఇంకోసారి దగ్గి, ఊపిరి ఆడనట్టు వణికి ఆగిపోయింది. నరేందర్ దూకి ట్రాలీ టైరు కింద రాయి పెట్టాడు.

"మళ్ల ఎయిర్ పట్టింది," అన్నాడు రాజేందర్.

గాలి తీశారు. స్టార్ట్ అయింది. ట్రాలీ వంతెన మధ్యకు చేరేలోపే ఆగింది. మళ్లీ తీశారు. ఈసారి కదలకముందే ఆగింది.

వెనక వచ్చిన చెరకు ట్రాక్టర్లు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దాటిపోతున్నాయి. ఒక్కొక్కటీ పోతుంటే రాజేందర్ దాన్నే చూస్తున్నాడు. "వాళ్లంత మనకన్న ముంగట లైన్ల ఉంటరు," అన్నాడు. అతని ఫోన్ మోగింది. కోత ముఠా మేస్త్రీ దేవిదాస్. రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి ముప్పై మందితో వచ్చి పొలంలోనే గుడిసెలు వేసుకున్న మనిషి.

"కాయ్ ఝాలా, సేఠ్? ఏమైంది? మావోళ్లు ఖాళీ కూసున్నరు. ట్రాక్టర్ వస్తదా, వేరే పొలం పోవాల్నా?"

"వస్తది, వస్తది," అని రాజేందర్ ఫోన్ కట్ చేశాడు.

ఇంజన్ పక్కన పిడికిలి కంటే కొంచెం పెద్దగా ఒక చిన్న పంపు ఉంటుంది. ట్యాంకులోని డీజిల్‌ను గుంజి ఫిల్టర్‌కు తోసేది అదే. దాని లోపల ఒక రబ్బరు పొర ఉంటుందని, ఇంజన్ తిరుగుతుంటే ఆ పొర గుండెలా కొట్టుకుంటుందని నరేందర్ వీడియోలో చూశాడు. బయట ఒక చిన్న మీట ఉంది, ఇంజన్ ఆగినప్పుడు చేత్తో కొట్టడానికి. అతను ఆ మీట కొట్టి చూశాడు. చేతికి బరువే తగలలేదు. ఖాళీ డబ్బా మూత ఆడించినట్టు ఆడింది. అది మంచిదో చెడ్డదో అతనికి తెలియలేదు. తెలిసినట్టు తల ఊపాడు.

అప్పటికి బాలనర్సయ్య తన మోపెడ్ మీద వచ్చేశాడు. బండి స్టాండ్ వేసి, వంతెన గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గింత పెద్ద పెద్ద లారీలు బాగుచేసినోనివి. గీ ముసల్ది నీకు లొంగుతలేదా నరేందర్?"

"చూస్తున్న కాక."

ఏం చూస్తున్నాడో అతనికే తెలియదు. పానా తీసుకుని పైపు బిగింపు ఒకటి వదులు చేశాడు. డీజిల్ చిమ్మింది. గబుక్కున బిగించాడు. ఇంకోటి పట్టుకున్నాడు, వదిలేశాడు. రాజేందర్ అతని చేతుల వంకే చూస్తున్నాడు. నరేందర్‌కు చెమటలు పడుతున్నాయి. జనవరి ఎండకు పట్టే చెమట కాదది. అక్కడినుంచి నడుచుకుంటూ ఎటైనా వెళ్లిపోవాలనిపించింది. కాలువ గట్టు వెంబడి, ఏ ఊరు వస్తే ఆ ఊరికి.

పోలేక, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, చెయ్యి దానంతట అదే పోయి ఆయిల్ గేజు లాగింది. తుడిచి, మళ్లీ లోపల పెట్టి, బయటికి తీసి, వెలుతురుకు పట్టుకున్నాడు.

ఆయిల్ పై గీత దాటి పైదాకా ఉంది.

"రాజేందర్, ఆయిల్ ఎప్పుడు పోసినవ్?"

"ఈ సీజన్ల పొయ్యనే లేదు బావ. తగ్గుతలేదు. వారం సంది ఇంకింత పెరిగింది. మన ఇంజన్ గంత మంచిది."

నరేందర్ గేజు కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య నలిపాడు. ఆయిల్‌కు ఒక పట్టు ఉంటుంది. పాతబడ్డా, నల్లబడ్డా, కాలిపోయినా ఏదో ఒక పట్టు ఉంటుంది. దీనికి లేదు. వేళ్ల మధ్య నీళ్లలా జారింది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

డీజిల్ వాసన. వెంటనే అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఖాళీగా ఆడిన మీట. ట్యాంకు నిండా ఉన్నప్పుడు బాగా నడిచి, సగం కాగానే ఆగిపోవడం. చిన్న పంపులో పొర చినిగింది. అది డీజిల్‌ను ఫిల్టర్‌కు తోయలేకపోతోంది, చినిగిన చోటునుంచి ఆ డీజిల్ కిందికి ఇంజన్ ఆయిల్ ఛాంబర్‌లోకి కారుతోంది. నిండు ట్యాంకు బరువుకు డీజిల్ దానంతట అదే దిగినన్నాళ్లూ పంపు జబ్బు బయటపడలేదు. అతను ట్యాంకు కడగడం వల్ల బాగైంది ఏమీ లేదు.

రాజేందర్ ఎవరితోనో మాట్లాడి, ఫోన్ జేబులో పెట్టుకుని సీటు ఎక్కాడు. "బోధన్ మెకానిక్ ఫోన్ల చెప్పిండు. ఒకలు మీట కొట్టుకుంట కూసుంటే, మెల్లగ పోవచ్చన్నడు. నువ్వు కొట్టు బావ, నేను తోల్త."

"దిగు."

"ఏంది?"

"స్టార్ట్ చెయ్యకు. దిగు." రాజేందర్ తాళంచెవి తిప్పేలోపే నరేందర్ చెయ్యి చాచి దాన్ని లాగేసుకున్నాడు.

"అరే! ఏం చేస్తున్నవ్ బావ?"

"ఛాంబర్ల డీజిల్ కలిసింది. ఆయిల్ నీళ్లయింది. ఇట్లనే నడిపిస్తే లోపల బేరింగులు కాలిపోతయ్. ఇంజన్ పట్టేస్తది."

"వారం సంది గట్లనే నడుస్తున్నది. ఏమైంది?"

"రెండు రోజుల సంది టకటక సప్పుడు వస్తున్నది. నువ్వు వినలేదా?"

రాజేందర్ మొహం ఎర్రబడింది. కొన్ననాటి నుంచి ఆ ట్రాక్టర్‌ను కంటికి రెప్పలా చూసుకున్నవాడు అతను. "నేను పాడుచేసిన్నంటవా? నేను తోలంగ ఈ సీజన్ దాక ఒక్కనాడు ఆగలే ఇది. నువ్వు ట్యాంకు విప్పినంకనే ఎక్కువైంది. తాళంచెవి ఇయ్యి."

"ఇయ్య."

అప్పుడే పుష్పలత స్కూటీ వచ్చి ఆగింది. అన్నం సంచి హుక్కుకు వేలాడుతోంది. దిగకముందే తమ్ముడు మొదలుపెట్టాడు.

"అక్కా, బావ తాళంచెవి గుంజుకున్నడు. పర్మిట్ ఇయ్యాల్టిది. పొద్దు పోతున్నది. ఆయన మస్కట్ మెకానిక్ అయితే ఇక్కడనే విప్పి బాగుచెయ్యమను. చాతగాకుంటే తాళంచెవి ఇమ్మను."

"ఏమైందయ్యా?" అంది పుష్పలత.

నరేందర్ మళ్లీ చెప్పాడు. ఈసారి మాటలు తడబడ్డాయి. గేజు చూపించాడు. ఆమె గేజును, తమ్ముణ్ని, మొగుణ్ని మార్చి మార్చి చూసింది. చెరకు ట్రాక్టర్ ఇంకొకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

"బోధన్ మెకానిక్ పోవచ్చన్నడంట గద," అంది నెమ్మదిగా. "నీకు పక్కా ఎర్కనా? గా లారీలు వేరు, గీ ట్రాక్టర్ వేరు."

"విప్పి సూడకుంటనే చెప్తున్నడు," అన్నాడు రాజేందర్. "మెకానిక్ అయితే పంపు విప్పి చూపియ్యాలె."

"నేను మెకానిక్‌ను కాదు," అన్నాడు నరేందర్.

అతను అనుకున్నంత గట్టిగా రాలేదు మాట. అందరూ విన్నారు మాత్రం.

"ఆడ నేను చేసింది లారీ కింద గుంతల నిలబడి ఆయిల్ మార్చుడు. పన్నెండేండ్లు గదొక్కటే పని. ఇంజన్ ఎన్నడు విప్పలే. పంపు విప్పుడు నాకు రాదు. మొన్న ట్యాంకు కడిగింది ఫోన్ల చూసి. గని ఆయిల్ నాకు ఎర్కే. రోజూ ఎన్ని లారీలు... గీ వేళ్లకు ఎర్కే. ఇది ఆయిల్ కాదు పుష్పా. ఇది నడిపిస్తే మన ఇంజన్ మిగలదు."

రాజేందర్ సీటు మీదే ఉండిపోయాడు.

బాలనర్సయ్య గోడ మీంచి వీపు తీసి నిటారుగా నిలబడ్డాడు. "గందుకేనా మా ప్రశాంత్‌ను పెట్టియ్యలే?"

"అవు కాక. నా మాట వినేటోడు ఆడ ఎవడూ లేడు. సాయెబు మొకం నేనే ఎన్నడు దగ్గరికెళ్లి సూడలే."

"గది గప్పుడే చెప్పొచ్చు గద!"

బాలనర్సయ్య కాలువలోకి తుపుక్కున ఉమ్మి, గోడ మీద చతికిలబడ్డాడు. పుష్పలత స్కూటీ హ్యాండిల్ వదలలేదు. ఆమె మొహంలో ఏముందో నరేందర్ చూడలేకపోయాడు.

"గా ముచ్చట తర్వాత," అంది చివరికి. "ఇప్పుడేం చెయ్యాలె, గది చెప్పు."

నరేందర్ బామ్మర్ది దగ్గరికి పోయి గేజు చాచాడు. "రాజేందర్, నువ్వే పట్టి సూడు. వాసన సూడు. నేను చెప్పింది తప్పయితే తాళంచెవి నీదే."

రాజేందర్ ముందు తాళంచెవి వంక చూశాడు. తర్వాత వేలితో అంటుకుని నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ అంటుకున్నాడు. సీటు దిగి ట్రాక్టర్ ముందుకుపోయి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"డీజిలే," అన్నాడు ఎవరివంకా చూడకుండా. "నేను ఆయిల్ పెరిగిందని ఖుషీ అయిన."

"గేజుల పెరిగితే ఎవరైన ఖుషీ అయితరు," అన్నాడు నరేందర్. "నేను చెప్పేది నీ తప్పని కాదు."

ఆయిల్ మార్చాలి, అది నరేందర్ చేస్తాడు. మరి పంపు? కొత్త రబ్బరు పొర నిజామాబాద్‌లో తప్ప దొరకదు. పోయి వచ్చేసరికి గేటు మూస్తారు. నరేందర్ వంతెన మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఈసారి దారి చూపించింది రాజేందరే.

"బావ, ట్యాంకు పైన ఉన్నది, ఫిల్టర్ కింద ఉన్నది. నిండుగ ఉంటే దానంతల అదే దిగుతది అంటున్నవ్ గద. ఇగ నడుమ పంపు ఎందుకు? ట్యాంకు పైపు సీదా ఫిల్టర్‌కే కలుపుదాం. చేనుకు మందుకొట్టే మిషన్‌కు గసుంటి పైపే ఉంటది."

నరేందర్ ఆగిపోయి అతన్ని చూశాడు. "అయితది. డీజిల్ తగ్గకుంట పోసుకుంట పోవాలె. అయితది."

"ఏ నంబర్ ఆయిల్ గావాలె?" అని గోడ మీంచి బాలనర్సయ్య అడిగాడు. అడిగిన తీరులో కోపం అలాగే ఉంది. కానీ ఆయన చెరకూ కోసి పడి ఉంది. నరేందర్ చెప్పింది రెండుసార్లు పైకి అనుకుని, మోపెడ్ తిప్పుకుని వర్ని వైపు పోయాడు. పుష్పలత పైపు కోసం, డీజిల్ కోసం స్కూటీ తిప్పింది. అన్నం సంచి వంతెన గోడ మీద పెట్టిపోయింది. ఎవరూ దాన్ని విప్పలేదు.

ఎదురుచూడటం నరేందర్‌కు అన్నిటికంటే కష్టం. రోడ్డు అటు చూస్తాడు, ఇటు చూస్తాడు. దేవిదాస్ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి నరేందరే ఎత్తి, "ఆగు భాయ్, వస్తున్నం," అన్నాడు. ఎండ చెరకు మీద నిలబడి ఉంది. ఆకుల అంచులు ముడుచుకుంటున్నట్టు అనిపించి, అతను చూపు తిప్పుకున్నాడు.

బాలనర్సయ్య ఆయిల్ డబ్బా, కొత్త ఆయిల్ ఫిల్టర్ తెచ్చాక నరేందర్ తువాల పరుచుకుని ట్రాక్టర్ కిందికి దూరాడు. కొంతసేపటికి తిరిగొచ్చిన పుష్పలతకు అతని కాళ్లే కనబడ్డాయి. ఆ కాళ్లు కదలడం లేదు. ఆమె వంగి చూసింది. కింద ఖాళీ డబ్బా పెట్టి, బోల్టును చివరి చుట్టు వేళ్లతో తిప్పి, చెయ్యి తడవకుండా పక్కకు తీశాడు. పలచటి నల్లటి నీళ్లు డబ్బాలోకి దుమికాయి. అతనిలో ఏ తొందరా లేదు. ఆఖరి చుక్క దాకా ఆగాడు. బోల్టును గుడ్డతో తుడిచి, గాడి చూసి, మళ్లీ బిగించాడు. పాత ఆయిల్ ఫిల్టర్ తీసి, కొత్తదాని అంచుకు వేలితో ఆయిల్ రాసి తిప్పాడు. పైకొచ్చి కొత్త ఆయిల్ పోసి గేజు చూశాడు.

ఇంట్లో మోకాలు ఆడించే మనిషి అక్కడ కనబడలేదు ఆమెకు. పోనీలే అనిపించలేదు. కోపం ఇంకా ఎక్కువైంది. ఇంత చక్కగా చేసే పనిని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాడా?

పైపు బిగించడం రాజేందర్ చూసుకున్నాడు. చినిగిన పంపును దాని చోట దాన్ని వదిలేసి, ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు పైపు సూటిగా కలిపి, క్లిప్పులు బిగించాడు. గాలి తీశారు. నరేందర్ తాళంచెవి తీసి రాజేందర్ చేతికిచ్చాడు.

ఇంజన్ అందుకుంది. లోపల టకటక పూర్తిగా పోలేదు, కానీ సన్నబడింది. ఇద్దరూ తలలు వంచి విన్నారు.

"ఎంతోకొంత తినేసింది," అన్నాడు నరేందర్. "సీజన్ అయినంక ఇంజన్ విప్పియ్యాలె. గప్పటిదాక మెల్లగ తోలు."

మెల్లగానే పోయారు. దారిలో రెండుచోట్ల ఆగి ట్యాంకు నింపారు. ఫ్యాక్టరీ దగ్గర వరస చాలా పొడుగుంది. వాళ్ల పర్మిట్ పిలిచేసరికి పొద్దు వాలింది, కానీ గేటు మూయలేదు. చెరకు కాటా మీదికి ఎక్కింది. బాలనర్సయ్య చెరకు తెల్లారి పోయింది. ఆయన ట్రాక్టర్ వెంట రాలేదు.

పుష్పలత మొగుడి వంక చూడకుండానే రాత్రి అన్నం పెట్టింది, తీసేసింది. మర్నాడు చెరకు దింపి వచ్చాక నరేందర్ చిన్న పంపు ఊడదీసి సంచిలో పెట్టుకుని, దాని చోట పడ్డ రంధ్రానికి రేకు బిగించి, బైకు తీస్తుంటే ఆమె చీర మార్చుకుని వచ్చి వెనక కూర్చుంది.

"నువ్వెందుకు?"

"పనుంది."

నిజామాబాద్‌లో పంపులు బాగుచేసే షాపులో మెకానిక్ మరలు విప్పి, లోపలి పొరను బయటికి తీసి బల్ల మీద పరిచాడు. మధ్యలో గోటితో చీరినట్టు సన్నటి చీలిక. "పాతదైంది, ఎండిపోయి చినిగింది," అన్నాడు. కొత్త పొర వేసి మీట కొట్టి చూపించాడు. ఇప్పుడు బరువు తగులుతోంది. నరేందర్ కూడా కొట్టి చూశాడు. ఇంకోసారి కొట్టాడు.

బయటికి వచ్చాక పుష్పలత అంది, "కంఠేశ్వర్ పోదాం. ప్రశాంత్ ఆడనే ఆటో పెడ్తడు. నువ్వే చెప్పు ఆ పిల్లగానికి."

"కాక చెప్పే ఉంటడు."

"ఆయన చెప్పుడు వేరు. నువ్వు చెప్పుడు వేరు. గట్టు మీద మాటలు పడ్డది నేను."

ఆటో స్టాండ్‌లో ప్రశాంత్ సీటు తుడుచుకుంటున్నాడు. వాళ్లను చూసి లేచాడు. నరేందర్ ఏం చెప్పాలో దారంతా కూడబెట్టుకున్నాడు. తీరా నోట్లోంచి వచ్చింది చాలా కొంచెం. తాను ఆయిల్ మార్చేవాడినని, ఆ మాట చెప్పలేక వీసాల సాకు చెప్పానని అన్నాడు. తప్పయిందన్నాడు.

ప్రశాంత్ గుడ్డ మడతపెట్టాడు. "బాపు ఫోన్ చేసిండు అన్నా. అప్పుడే చాతగాదు అంటే అయిపోతుండె. నువ్వు వచ్చే నెల, వచ్చే నెల అంటే, నేను ఏ పనీ పట్టకుంట కూసున్న. రెండేండ్లు. సోపతిగాళ్లంత ఎక్కడెక్కడనో కుదిరిండ్రు." కోపంగా అనలేదు. ఉన్నది చెప్పినట్టే చెప్పాడు. ఇంతలో ఎవరో ఆస్పత్రికి పోవాలని చిన్నపిల్లను ఎత్తుకుని వచ్చారు. "గిరాకి వచ్చింది. వస్త అన్నా. వదినా, వస్త."

ఆటో పోయాక నరేందర్ అక్కడే నిలబడిపోయాడు. పుష్పలత అతని చెయ్యి పట్టుకోలేదు. "నడువు," అంది.

ఊరు దాటి, రోడ్డుకు రెండువైపులా వరినాట్లు మొదలయ్యాయి. అప్పుడు వెనకనుంచి ఆమె అడిగింది.

"గా గుంతల నిలబడితే మీద పడదా ఆయిల్?"

అతనికి వెంటనే అర్థం కాలేదు. "ఏ గుంత?"

"లారీ కింద గుంత అన్నవ్ గద."

"పడ్తది. కొత్తల పడ్డది. వేడివేడి ఆయిల్. మోచెయ్యి కాలింది."

"గా మచ్చ వంటకాడ కాలిందన్నవ్."

"అవు."

"ఎండాకాలం ఎట్లుంటది గా గుంతల?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. గాలి ఆడదు. మధ్యాహ్నం పని ఆపేవారు కొన్ని నెలలు, ఆపనివారూ ఉండేవారు. పక్క గుంతలో పనిచేసిన నేపాల్ వాడు పాటలు పాడేవాడు. లారీ డ్రైవర్లు ఖర్జూరాలు ఇచ్చేవారు. ఎంత కడిగినా చేతుల వాసన పోయేది కాదు, అన్నం కూడా అదే వాసన. గాలికి సగం మాటలు ఎగిరిపోతుంటే ఆమె ముందుకు వంగి, "ఏందీ?" అని మళ్లీ చెప్పించుకుంది. చివర్లో కంపెనీ ఆ గ్యారేజీ మూసి అందరినీ పంపేసిందని, తానై రాలేదని కూడా చెప్పాడు.

"ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు."

"ఇగ ఉంటే గిప్పుడే చెప్పు. మళ్ల రోడ్డు మీద నలుగురి ముంగట వినబెట్టకు."

"లేదు పుష్పా."

ఇంటి ముందు రాజేందర్ ట్రాక్టర్ బానెట్ ఎత్తి కూర్చుని ఉన్నాడు. రెండు రోజులుగా బావతో పని మాటలే తప్ప వేరే మాట్లాడలేదు. సంచిలోంచి పంపు తీసుకుని, మీట కొట్టి చూసి, బిగించడానికి వంగాడు. నరేందర్ దీపం పట్టుకున్నట్టు ఫోన్ లైటు పట్టుకున్నాడు. పైపులన్నీ పాత చోటికి చేర్చాక రాజేందర్ స్టార్ట్ చేశాడు. నిలకడగా తిరిగింది.

"ఆపి, గేజు సూడరాదు బావ," అన్నాడు కాసేపయ్యాక.

నరేందర్ గేజు లాగి, తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ రెండు గీతల మధ్య ఉంది. వేళ్లతో నలిపి అతనికి చూపించాడు.

"రేపు మళ్ల చూడాలె," అన్నాడు. "ఎల్లుండి గూడ. పెరగకుంటేనే బాగైనట్టు."

"పొద్దుగాల నేను వచ్చేవరకే చూసిపెట్టు," అని రాజేందర్ చేతులు తుడుచుకున్నాడు. "కూలోళ్లు జల్ది వస్తరు."